షట్‌డౌన్ అమెరికాలోనేనా? 66 రోజులు తాళం పడ్డ ఉత్తరాంధ్ర.. సొంత పార్టీ నేతలే రెండు వైపులా.. చివరికి మూల్యం ఎవరిది?

ఆఫీసుకు తాళం. బస్సు డిపోకు తాళం. బడికి తాళం. అమెరికా షట్‌డౌన్ వార్తలు వచ్చినప్పుడల్లా మనకు ఒక డౌట్ వస్తుంది.. ప్రభుత్వం కూడా మూతపడుతుందా? మన దగ్గర ఇలాంటివి ఉండవులే అని కూడా అనుకుంటాం. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరినైనా 2013 గురించి అడిగి చూడండి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా 66 రోజుల పాటు ఇక్కడ ప్రభుత్వం దాదాపు పనిచేయలేదు. అప్పుడు రాష్ట్రంలో, కేంద్రంలో ఉన్నది ఒకే పార్టీ. ఆందోళనలో మైకు పట్టుకున్నవాళ్లలోనూ ఆ పార్టీ నేతలు ఉన్నారు. మరి ప్రభుత్వం ఎవరు? ప్రతిపక్షం ఎవరు? ఆ 66 రోజుల్లో ఏం జరిగింది, తర్వాత ఆ నేతలంతా ఏమయ్యారు? ఒకసారి చూద్దాం.

అసలు షట్‌డౌన్ అంటే ఏంటి?

అమెరికాలో ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి డాలర్‌కూ కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంట్, అనుమతి ఉండాలి. ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. అప్పటికి నిధుల బిల్లు పాస్ కాకపోతే అత్యవసర సేవలు తప్ప మిగతావన్నీ ఆపేయాల్సిందే. ఉద్యోగుల్లో కొందరు ఇంట్లో కూర్చుంటారు. కొందరు జీతం రాకపోయినా డ్యూటీ చేస్తారు. 2018 డిసెంబర్‌లో మొదలైన షట్‌డౌన్ 35 రోజులు నడిచింది. 2025లో ఆ రికార్డు కూడా పోయింది. అక్టోబర్ 1న మొదలై నవంబర్ 12 దాకా 43 రోజులు సాగింది.

అక్కడా పార్టీల మధ్య గొడవతో పాటు పార్టీల లోపలి గొడవే ఎక్కువ చర్చ అయ్యింది. 2013 షట్‌డౌన్‌లో రిపబ్లికన్ పార్టీలోని అతివాద వర్గం సొంత స్పీకర్ జాన్ బోనర్ మాట వినలేదు. 2025లో డెమోక్రాట్ల వైపున్న 8 మంది సెనేటర్లు పార్టీ లైన్ దాటి ఓటేస్తే గానీ తాళం తెరుచుకోలేదు. ఆ 8 మందిపై సొంత పార్టీలోనే విమర్శలు వెల్లువెత్తాయి.

మన దగ్గర ఎందుకు రాదు?

మన దగ్గర ప్రభుత్వం నిలబడేదే సభలో మెజారిటీ మీద. కేంద్రంలో లోక్‌సభ, రాష్ట్రంలో అసెంబ్లీ డబ్బు ఇవ్వనంటే ఆ ప్రభుత్వమే పడిపోతుంది. కొత్త ప్రభుత్వమో, ఎన్నికలో వస్తాయి. బడ్జెట్ పాస్ కావడం ఆలస్యమైతే ఓట్ ఆన్ అకౌంట్ అనే దారి ఉంది. కేంద్రానికి రాజ్యాంగంలోని 116, రాష్ట్రాలకు 206 అధికరణలు ఇందుకోసమే. కొన్ని నెలల ఖర్చుకు ముందుగానే అనుమతి తీసుకుంటారన్నమాట. అందుకే అమెరికా తరహా షట్‌డౌన్ ఇక్కడ రాదు.

అలాగని మనకు అసలు ఆ సెగ తగల్లేదా అంటే, ఒకసారి తగిలింది. 2020 జూన్ 17న ఏపీ శాసనమండలిలో రాజధాని బిల్లులపై అధికార వైఎస్సార్‌సీపీ, ప్రతిపక్ష టీడీపీ కొట్లాడుకున్నాయి. అసెంబ్లీలో బలం ఒకరిది, మండలిలో బలం మరొకరిది. ఆ రచ్చలో ద్రవ్య వినిమయ బిల్లు పాస్ కాకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. కరోనా వల్ల అప్పటికి మూడు నెలల ఖర్చుకే ఆర్డినెన్స్ ఉంది. దాని గడువు జూన్ 30. మండలి ఆమోదించకపోయినా 14 రోజులు గడిస్తే ద్రవ్య బిల్లు పాస్ అయినట్టే లెక్క. ఆ గడువు ముగిసి సంతకాలు అయ్యేసరికి జులై 1న పడాల్సిన ఉద్యోగుల జీతాలు కాస్త ఆలస్యమయ్యాయి. అమెరికా షట్‌డౌన్‌కు ఇది చిన్న శాంపిల్ లాంటిది.

2013లో జరిగింది మాత్రం ఇలాంటిది కాదు. అప్పుడు ఖజానాలో డబ్బుకు అనుమతి ఉంది. ప్రభుత్వానికి మెజారిటీ కూడా ఉంది. లేనిది పనిచేసే చెయ్యి!

తాళం ఎలా పడింది?

2013 జులై 30. తెలంగాణ ఏర్పాటు చేయాలని కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసింది. అప్పటికి పంచాయతీ ఎన్నికల చివరి విడత పోలింగ్‌కు ఒక్క రోజే ఉంది. కొత్త సర్పంచులు కుర్చీలో కూర్చున్నారో లేదో, సీమాంధ్ర 13 జిల్లాల్లో సమైక్యాంధ్ర ఉద్యమం రోడ్డెక్కింది. ఏపీ ఎన్జీవోల సంఘం అధ్యక్షుడు అశోక్‌బాబు నేతృత్వంలో ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి నిరవధిక సమ్మె మొదలైంది. ఆర్టీసీ కార్మికులు కూడా అప్పుడే దిగారు. తర్వాత టీచర్లు వచ్చారు. అక్టోబర్ మొదటి వారంలో విద్యుత్ ఉద్యోగులు కూడా చేరారు.

ఇలాంటి ప్రయోగం తెలుగు నేల మీద కొత్తేమీ కాదు. రెండేళ్ల ముందు, 2011లో తెలంగాణలో 42 రోజుల సకల జనుల సమ్మె జరిగింది. రెండు చోట్లా కోరికలు పూర్తి భిన్నం. ఆయుధం మాత్రం ఒక్కటే.. పరిపాలనను ఆపేయడం.

ఆ ఆయుధం దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. సొంత కారున్న వాడికి ఆర్టీసీ బస్సు లేకపోతే పెద్దగా నష్టం లేదు. పాలకొండ నుంచి, సాలూరు నుంచి, సీతంపేట కొండల నుంచి పట్నం ఆసుపత్రికి రావాల్సినవాళ్లకు బస్సే దిక్కు. ప్రైవేట్ స్కూల్ పిల్లాడికి ట్యూషన్ ఉంటుంది. సర్కారు బడి పిల్లాడికి బడి మూస్తే చదువే లేదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన సీమాంధ్ర కేంద్రాల్లో దెబ్బతిని, ఇంజినీరింగ్ సీటు కోసం చూస్తున్న పిల్లలు, తల్లిదండ్రులు టెన్షన్ పడ్డారు. సమ్మెలో ఉన్న ఉద్యోగులకు 'నో వర్క్ నో పే' భయం ఉండనే ఉంది. నెల తిరిగితే ఇంటి అద్దె, ఈఎంఐ ఆగవు కదా.

ఉత్తరాంధ్ర బాధలో వాస్తవం లేదా? ఉంది. హైదరాబాద్‌లో చదువులు, ఉద్యోగాలు, కూలి పనులు అన్నీ అక్కడే ఉన్నాయి. పొట్ట చేత పట్టుకుని వలస వెళ్లే జిల్లాలివి. రాజధాని పోతే మా పిల్లల గతేంటి అన్నది న్యాయమైన ప్రశ్న. అందుకే జనం స్వచ్ఛందంగా రోడ్డు మీదకొచ్చారు. ఆ కోపాన్ని నాయకులు ఎలా వాడుకున్నారన్నదే అసలు కథ.

ఒకే పార్టీ.. రెండు పాత్రలు

2009 ఎన్నికల్లో ఈ రెండు జిల్లాలు కాంగ్రెస్‌కు కంచుకోటలు. శ్రీకాకుళంలో 10కి 9, విజయనగరంలో 9కి 7 అసెంబ్లీ సీట్లు ఆ పార్టీవే. మొత్తం 19లో 16 అన్నమాట. శ్రీకాకుళం, విజయనగరం, అరకు.. ముగ్గురు ఎంపీలూ కాంగ్రెస్ వాళ్లే. వాళ్లలో కిల్లి కృపారాణి, కిశోర్ చంద్రదేవ్ ఇద్దరూ 2013 నాటికి కేంద్ర మంత్రులు. బొత్స సత్యనారాయణ పీసీసీ అధ్యక్షుడు. అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా నిర్ణయం జరిగే ప్రతి గదిలోనూ ఈ జిల్లాల మనిషి ఒకరు ఉన్నారు.

మరి ఆ గదుల్లో ఏం జరిగింది? ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి విభజనను బహిరంగంగానే వ్యతిరేకించారు. సొంత పార్టీ హైకమాండ్ నిర్ణయాన్ని ప్రెస్‌మీట్ పెట్టి మరీ తప్పుబట్టారు. పీసీసీ అధ్యక్షుడు బొత్స మాత్రం హైకమాండ్ మాటకు కట్టుబడాల్సిందే అన్న లైన్ తీసుకున్నారు. ఇద్దరి మధ్య ఆధిపత్య పోరు అంతకు ముందు నుంచే ఉంది. విభజన దానికి పెట్రోల్ పోసింది. ముఖ్యమంత్రే సమ్మెకు లోపల్నుంచి అండగా ఉన్నారని తెలంగాణ నేతలు ఆరోపించారు.

ఇక్కడ ఇంకో విచిత్రం. బొత్స పీసీసీ చీఫ్ మాత్రమే కాదు, అదే కిరణ్ కేబినెట్‌లో రవాణా శాఖ మంత్రి కూడా. ఆగిపోయిన ఆర్టీసీ బస్సులు ఆయన శాఖ కిందే ఉన్నాయి. విభజన వద్దని ముఖ్యమంత్రి అంటారు, హైకమాండ్ మాట వినాలని ఆయన మంత్రి అంటారు. బస్సు మాత్రం డిపోలోనే! ఎడ్డెమంటే తెడ్డెమనే ఈ ఇద్దరిలో ప్రభుత్వం ఎవరన్నది బస్టాండ్‌లో నిలబడ్డ మనిషికి అర్థం కాలేదు.

శ్రీకాకుళంలో చీలిక ఇంటి గడప దాకా వచ్చింది. 2012 జూన్ ఉప ఎన్నికలో నరసన్నపేటలో ధర్మాన కృష్ణదాస్ వైఎస్సార్‌సీపీ తరఫున నిలబడితే, కాంగ్రెస్ ఆయన తమ్ముడు రామదాస్‌ను బరిలో దింపింది. కృష్ణదాస్ గెలిచారు. మరో సోదరుడు, మాజీ మంత్రి ధర్మాన ప్రసాదరావు అప్పటికి కాంగ్రెస్‌లోనే ఉన్నారు. ఆయన కూడా 2014 ఎన్నికలకు ముందు వైఎస్సార్‌సీపీ కండువా కప్పుకున్నారు.

విజయనగరంలో కర్ఫ్యూ

అక్టోబర్ 3న కేంద్ర కేబినెట్ తెలంగాణకు ఆమోదం తెలిపింది. సీమాంధ్ర భగ్గుమంది. ఆ మంట అన్నింటికంటే గట్టిగా తగిలింది విజయనగరానికే. కారణం సింపుల్.. అది పీసీసీ అధ్యక్షుడి సొంత ఇలాకా. ఆయన భార్య ఝాన్సీ లక్ష్మి అక్కడి ఎంపీ. తమ్ముడు అప్పల నరసయ్య గజపతినగరం ఎమ్మెల్యే. జిల్లాలో కాంగ్రెస్ అంటే ఆ కుటుంబమే అన్న పేరు. అందుకే ఢిల్లీ మీద కోపం తీర్చుకోవడానికి జనానికి దగ్గర్లో కనిపించిన అడ్రస్ అదే అయ్యింది. బొత్సకు, ఆయన బంధువులకు చెందినవని చెప్పే ఆస్తులపై దాడులు జరిగాయి. పోలీసుల లాఠీచార్జి, బాష్పవాయువు, రాళ్లు.. అక్టోబర్ 5 రాత్రి పట్టణంలో కర్ఫ్యూ పెట్టారు.

గురజాడ తిరిగిన ఊరు, సంగీత కళాశాల ఉన్న ఊరు. అలాంటి చోట దసరా ముందు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరు సిద్ధం కావాల్సిన రోజుల్లో, పాల ప్యాకెట్ కోసం కర్ఫ్యూ సడలింపు టైం చూసుకోవాల్సి వచ్చింది.

స్పీకర్ ఫార్మాట్ గోల

ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, 'స్పీకర్ ఫార్మాట్‌లో రాజీనామా చేశారా, లేదా?' అన్న ప్రశ్నే. అసలు ఈ గోలేంటి?

రాజ్యాంగంలోని 190వ అధికరణ ప్రకారం ఎమ్మెల్యే రాజీనామా స్పీకర్‌కు ఇవ్వాలి. అది స్వచ్ఛందమైనదని స్పీకర్ నమ్మితేనే ఆమోదిస్తారు. 'రాష్ట్ర విభజనకు నిరసనగా రాజీనామా చేస్తున్నా' అంటూ పార్టీ అధ్యక్షుడికి లెటర్ రాస్తే, ఫొటోకు బాగుంటుంది తప్ప సీటు ఖాళీ కాదు. ఈ తేడా నేతలందరికీ తెలుసు. జనానికే తెలియదు. అందుకే లెటర్లు కుప్పలుగా వచ్చాయి, కుర్చీలు మాత్రం ఖాళీ కాలేదు. కేబినెట్ నిర్ణయం తర్వాత పళ్లంరాజు, చిరంజీవి లాంటి కేంద్ర మంత్రులు రాజీనామాలు ప్రకటించారు. చివరికి పదవుల్లోనే కొనసాగారు.

'లోపల ఉండి పోరాడతాం' అన్నది అప్పటి పాపులర్ డైలాగ్. అసెంబ్లీలో బిల్లు వచ్చినప్పుడు ఓడించాలంటే ఎమ్మెల్యేలు ఉండాలి కదా అన్న వాదనలో కొంత నిజం కూడా ఉంది. 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిప్పి పంపే తీర్మానం చేసింది కూడా. అయితే 3వ అధికరణ ప్రకారం రాష్ట్ర విభజనకు అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు. ఈ సంగతి ఆ నేతలకు మొదటి రోజే తెలుసు. బిల్లును అసెంబ్లీ ఆపగలదని జనాన్ని నమ్మించడమే ఇక్కడ అసలు తప్పు.

ప్రతిపక్షాలేమైనా తక్కువ తిన్నాయా?

అవకాశవాదం ఒక్క కాంగ్రెస్ సొత్తు అనుకుంటే పొరపాటే. టీడీపీ 2008లోనే తెలంగాణకు అనుకూలంగా లేఖ ఇచ్చింది. 2012 డిసెంబర్ అఖిలపక్షంలో ఆ లేఖను వెనక్కి తీసుకోలేదని చెప్పింది. 2013 అక్టోబర్‌లో చంద్రబాబు ఢిల్లీ ఏపీ భవన్‌లో దీక్షకు కూర్చున్నది మాత్రం రెండు ప్రాంతాలకూ న్యాయం చేయాలంటూ. రెండు కళ్ల సిద్ధాంతం అన్న పేరు ఊరికే రాలేదు.

వైఎస్సార్‌సీపీ అంతకు ముందు నిర్ణయాన్ని కేంద్రానికే వదిలేసింది. విభజన ఖాయమని తేలే వేళకు సమైక్య జెండా ఎత్తింది. షర్మిల పాదయాత్ర 2013 ఆగస్టు 4న మన ఇచ్ఛాపురంలో ముగిసేసరికి రాష్ట్ర రాజకీయం మొత్తం మారిపోయి ఉంది. సెప్టెంబర్‌లో జైలు నుంచి బయటకొచ్చిన జగన్ అక్టోబర్ 5న హైదరాబాద్‌లో దీక్ష మొదలుపెట్టారు. అప్పటికే సీమాంధ్రలో ఆయన పార్టీ 72 గంటల బంద్ నడుస్తోంది.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ సీజన్‌లో నిప్పు అడగని పార్టీ దొరకడం కష్టం.

పైలిన్ వచ్చింది.. తాళం తీయక తప్పలేదు

నేతలు తేల్చలేని పీటముడిని కొంతవరకు విప్పింది తుపాను. అక్టోబర్ రెండో వారంలో బంగాళాఖాతంలో పైలిన్ ముంచుకొచ్చింది. అప్పటికి విద్యుత్ ఉద్యోగుల సమ్మెతో సీమాంధ్రలో కరెంటు కోతలు, రైళ్ల రద్దు. ఉద్దానం తీరంలో లక్షల కొబ్బరి చెట్లు, వేల చేపల పడవలు. గ్రామాలను ఖాళీ చేయించాలంటే రెవెన్యూ సిబ్బంది కావాలి. స్తంభం పడితే నిలబెట్టడానికి లైన్‌మన్ కావాలి. విద్యుత్ ఉద్యోగులు అక్టోబర్ 10న తుపాను కారణంగా సమ్మె వాయిదా వేశారు. టీచర్లు, ఆర్టీసీ కార్మికులు కూడా ఆ రోజుల్లోనే విరమించారు. 12వ తేదీ రాత్రి ఒడిశాలోని గోపాలపురం దగ్గర పైలిన్ తీరం దాటింది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కొబ్బరి తోటలు నేలకొరిగాయి.

ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. సమ్మె విరమించడానికి ముందుగా కదిలింది ఉద్యోగులే. వాళ్ల గొంతు వాడుకున్న నేతలు కాదు. అక్టోబర్ 17న ముఖ్యమంత్రితో చర్చల తర్వాత ఎన్జీవోలు కూడా సమ్మె విరమించారు. 66 రోజులు పూర్తయ్యాయి. యాదృచ్ఛికమే గానీ, అమెరికాలో 2013 షట్‌డౌన్ ముగిసింది కూడా అదే అక్టోబర్ 17న!

ఈ 66 రోజుల తర్వాత విభజన ఆగిందా? ఆగలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును పాస్ చేశాయి. 19న కిరణ్ రాజీనామా చేశారు. మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చింది.

16 నుంచి సున్నాకు

జనం తీర్పు 2014 మే 16న వచ్చింది. ఈ రెండు జిల్లాల్లో 19 సీట్లలో టీడీపీకి 13, వైఎస్సార్‌సీపీకి 6. కాంగ్రెస్‌కు సున్నా. రాష్ట్రమంతా ఇదే కథ.. అసెంబ్లీలో ఒక్క సీటు లేదు, లోక్‌సభలో ఒక్క సీటు లేదు. చీపురుపల్లిలో బొత్స, శ్రీకాకుళం లోక్‌సభలో కృపారాణి, అరకులో కిశోర్ చంద్రదేవ్ ఓడిపోయారు. పార్టీ మారినా ధర్మాన ప్రసాదరావుకు ఆ ఎన్నికలో గెలుపు దక్కలేదు.

పార్టీ పోయింది. మరి నేతలు?

బొత్స 2015 జూన్‌లో వైఎస్సార్‌సీపీలో చేరారు. 2019లో గెలిచి మంత్రి అయ్యారు. 2024లో ఓడినా ఎమ్మెల్సీగా మండలికి వెళ్లారు. అటవీ శాఖ మంత్రిగా పనిచేసిన శత్రుచర్ల విజయరామరాజు 2014లోనే టీడీపీ వైపు వెళ్లారు. మరో మాజీ మంత్రి కోండ్రు మురళి 2018లో టీడీపీలో చేరి, 2024లో రాజాం నుంచి గెలిచారు. కృపారాణి 2019లో వైఎస్సార్‌సీపీకి వెళ్లి, 2024లో తిరిగి సొంత గూటికి వచ్చారు. కిశోర్ చంద్రదేవ్ 2019లో టీడీపీ తరఫున పోటీ చేశారు. సొంతంగా జై సమైక్యాంధ్ర పార్టీ పెట్టిన కిరణ్ 2023లో బీజేపీలో చేరారు. సమ్మెకు నాయకత్వం వహించిన అశోక్‌బాబు టీడీపీ ఎమ్మెల్సీ అయ్యారు. 2013లో ఇచ్ఛాపురం దాకా నడిచిన షర్మిల ఇప్పుడు అదే కాంగ్రెస్‌కు ఏపీ అధ్యక్షురాలు!

పార్టీ మారడం నేరం కాదు. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉండొచ్చు. కానీ మొత్తం లిస్టు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒక విషయం కనిపిస్తుంది. జనం శిక్షించింది గుర్తును. ఆ గుర్తు కింద నిలబడ్డవాళ్లలో చాలామంది కండువా మార్చి మళ్లీ వచ్చారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం!

మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చూడాలి?

సమ్మె కావచ్చు, బంద్ కావచ్చు, సభలో బిల్లు ఆగిపోవడం కావచ్చు. ప్రభుత్వం ఆగినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి.. మైకులో మాట్లాడుతున్న నేత చేతిలో ఆ నిర్ణయాన్ని మార్చే అధికారం ఉందా? ఉంటే వాడారా, లేక రోడ్డు మీదకొచ్చి మనతో పాటు నినాదాలు ఇస్తున్నారా?

రెండు.. రాజీనామా ఎవరికి ఇచ్చారు? స్పీకర్‌కా, కెమెరాకా?

మూడు.. ఈ రోజు జీతం ఆగింది ఎవరికి? అమెరికాలో షట్‌డౌన్ వచ్చినా కాంగ్రెస్ సభ్యుల జీతం ఆగదు. ఉద్యోగులకు మాత్రం తాళం తీశాకే బకాయిలు. అందుకోసం కూడా 2019లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఇక్కడ రోజు కూలీకి, ఆటో డ్రైవర్‌కు, బడి మానేసిన పిల్లాడికి బకాయిలు చెల్లించే చట్టం ఏదీ లేదు.

2013లో శ్రీకాకుళం, విజయనగరం జనం పోరాడింది నిజమైన భయంతో. పిల్లల చదువు, ఉద్యోగం, రాజధాని గురించి. ఆ భయానికి జవాబు చెప్పాల్సిన వాళ్లు అధికారంలోనే ఉన్నారు. విభజన తప్పదని తెలిసినప్పుడు, మా జిల్లాలకు ఏమిస్తారని ఢిల్లీలో గట్టిగా బేరమాడటానికి వాళ్ల చేతిలో 66 రోజుల టైం ఉంది. ఆ టైం మొత్తం ఒకరినొకరు ఇరుకున పెట్టుకోవడానికే సరిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నికలూ అయిపోయాయి, పార్టీలూ మారిపోయాయి. ఉత్తరాంధ్ర నుంచి హైదరాబాద్‌కు, చెన్నైకి వలస వెళ్లే జనం మాత్రం ఇప్పటికీ రైలు ఎక్కుతూనే ఉన్నారు.